తూటా దారిలో అత్తయ్య

నవంబర్ 3, సోమవారం

ఈ రోజు పనులు: కోళ్ల గూడు ఊడ్చాను. గుడ్లు పదకొండు. దుప్పట్లు రెండు ఉతికి తీగ మీద ఆరేశాను. కట్టెల పొయ్యి గొట్టంలో మసి దులిపాను. సీసాల్లో నిలవ చేసిన చిక్కుళ్లు లెక్కపెట్టాను, నలభై రెండు సీసాలు. మా ఆయన వెండెల్ వేట బూట్లకు నూనె రాశాను. వెండెల్ వాళ్లమ్మ, ఓపల్ అత్తయ్యకు మధ్యాహ్నం మొక్కజొన్న రొట్టె, బీన్స్ పట్టుకెళ్లాను. రొట్టెలో ఉప్పు తక్కువైందన్నారు. గిన్నె మాత్రం ఖాళీగా తిరిగొచ్చింది.

ప్రూయిట్ వాళ్లింట్లో దొంగలు పడ్డారు. సెప్టెంబర్ నుంచి మా రోడ్డు మీద ఇది మూడోది. పట్టపగలే వచ్చి టీవీ, రంపం, ముసలాయన నొప్పి మాత్రలు పట్టుకుపోయారట.

పదిహేనో తేదీ శనివారం జింకల వేట మొదలు. వెండెల్ పద్నాలుగునే అడవిలో వేట మకాంకు బయల్దేరతాడు, తొమ్మిది రోజులు అక్కడే. ఈ రోడ్డు మీద మగవాళ్లందరూ పోతారు. పోలీసులూ పోతారు. ఆ సంగతి దొంగలకూ తెలుసు. క్యాలెండర్ అందరి ఇళ్లలోనూ ఒకటే.

"నీ చిన్న రైఫిల్ మంచం పక్కన పెట్టుకో," అన్నాడు వెండెల్. కోళ్ల మీదికొచ్చే నక్కల కోసం నాలుగేళ్ల కిందట నాకు కొనిచ్చినది. గురి బాగానే కుదురుతుంది నాకు.

"అందులో ఏ తూటాలు వేయాలి?"

"డబ్బాలో ఉన్నవి వెయ్."

డబ్బా అంటే గరాజులోని కాఫీ డబ్బా. బోర్లించి చూస్తే ఆరు రకాలున్నాయి. అందులో రెండు రకాలు అసలు నా తుపాకీవే కావు. నేను గుండీలను కూడా రంగుల వారీగా పెట్టుకునే మనిషిని. ఈయనతో ఇరవై ఏడేళ్లుగా ఉంటున్నాను.


నవంబర్ 4, మంగళవారం

గుడ్లు తొమ్మిది. ఇస్త్రీ. ముందు తలుపు గడియ నాలుగుసార్లు చూశాను. భయం వల్ల కాదు, ఆ గడియ కొంచెం బిగుతుగా ఉంటోంది.


నవంబర్ 5, బుధవారం

చర్చిలో భోజనాలు. నేను ఆపిల్ కేకు తీసుకెళ్లాను. ఇంటి కాపలాకు ఏ తూటా మంచిదని అడిగితే, ఐదుగురు మగవాళ్లు ఏడు సమాధానాలు చెప్పారు. ఒకాయన బరువైనది మంచిదన్నాడు. ఒకాయన తేలికైనదన్నాడు. మూడో ఆయన, జింకను పడగొట్టేది మనిషిని పడగొట్టదా అన్నాడు. నాలుగో ఆయనకు అసలు నా రైఫిలే నచ్చలేదు. ఐదో ఆయన ముందు ఒకటి చెప్పి, కేకు తిన్నాక ఇంకోటి చెప్పి, వెళ్లేటప్పుడు కారు అద్దం దించి మూడోది చెప్పాడు.

అన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఏ రెండూ కలవలేదు. కేకు మాత్రం ముక్క మిగల్లేదు.


నవంబర్ 6, గురువారం

ఊళ్లోకి వెళ్లాను. పిండి, కాఫీ, కిరోసిన్. తుపాకుల దుకాణంలో కౌంటర్ దగ్గర డెలోరిస్ ఉంది. ఆమె భర్త పోయాక దుకాణం ఆమే నడుపుతోంది. ముక్కు చివర కళ్లజోడు, పక్కన అల్లిక సంచి. నా కాగితం ఆమె ముందు పెట్టాను. చదివి, మడిచి, నాకే ఇచ్చేసింది.

"వీళ్లలో ఎవరైనా నీ ఇంటికొచ్చి చూశారా?" అంది.

"లేదు."

"నువ్వు ఎక్కడ నిలబడి కాలుస్తావ్?"

"పడగ్గది గుమ్మం దగ్గర. వాడు ముందు తలుపు తోసుకుని హాల్లోకి వస్తాడు."

"సరే. తగిలిందనుకో, దాటుకుని పోయినా పోవచ్చు. తగల్లేదనుకో, తప్పకుండా పోతుంది. వాడి వెనక ఏముంది?"

"గోడ."

"గోడ వెనక?"

"వాకిలి. గడ్డి."

"గడ్డి వెనక?"

డెలోరిస్ ఒక కుట్టు వేసి మళ్లీ తలెత్తింది.

"మా అత్తగారి ట్రెయిలర్ ఇల్లు," అన్నాను.

"ఆవిడ ఎటువైపు కూర్చుంటుంది?"

"మావైపే. కిటికీ పక్కన. మా ఇంట్లో ఏం జరుగుతోందో చూడాలి కదా ఆవిడకి."

"ఆవిడంటే నీకు ఇష్టమేనా?" అంది డెలోరిస్. "కాదంటే తూటా ఎంచుకోవడం చాలా సులువు."

రెండు పెట్టెలు ఇచ్చింది. ఒకటి జింకల కోసం చేసిన మెత్తముక్కు రకం. ఇంకొకటి తేలికైనది, ముక్కు చివర ఎర్ర ప్లాస్టిక్ మొన. చిన్న జంతువుల కోసం చేసిందట. గట్టిదేదైనా తగలగానే పొడి పొడిగా విరిగిపోతుందని చెప్పింది. "కానీ నా మాట నమ్మకు. నీ గోడకి నువ్వే పరీక్ష పెట్టుకో. మనిషిని ఆపేంత బలమున్నది ఏదైనా సన్న గోడని కొంచెమైనా దాటుతుంది. దాటదని ఎవడైనా చెబితే వాడికి ట్రెయిలర్లో అత్తగారు లేరన్నమాట."

ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిచి, కాగితం మీద ఇంటి పటం గీశాను. పడగ్గది గుమ్మం నుంచి అత్తయ్య కుర్చీ వరకు ముప్పై నాలుగు అడుగులు. గీత గీస్తే సూటిగా ఆవిడ కళ్లజోడుకు తగులుతుంది.


నవంబర్ 7, శుక్రవారం

వేట రోజుల్లో మా ఇంట్లో పడుకోమని అత్తయ్యను అడిగాను. లెక్క ప్రకారం అదే తేలిక, అందుకే అడిగాను, ఇంకేం లేదు. "నాకు మంచముంది," అన్నారు. సరే, ఉంది.


నవంబర్ 8, శనివారం

గుడ్లు పది. బట్టలు లేవు. ఇవాళంతా పరీక్షే.

స్నానాలగది మరమ్మతు చేసినప్పుడు మిగిలిన జిప్సం బోర్డులు గరాజులో ఉన్నాయి. వెండెల్ వాటిని కోసి, మా హాలు గోడలాగే రెండేసి బోర్డులు చెక్కచట్రానికి కొట్టాడు. దాని వెనక బయటి గోడ: బోర్డు, చెక్క పలక. దాని వెనక పన్నెండు అడుగులు వదిలి, అత్తయ్య ట్రెయిలర్ కింద దొరికిన పాత రేకు. అన్నిటి వెనకా పడమటి వైపు కొండచరియ, ఇరవై అడుగుల ఎర్రమట్టి. అక్కడికి వచ్చిన తూటా ఇంక ఎక్కడికీ పోదు.

రేకు వెనక ఒక గుమ్మడికాయ పెట్టాను. పోయిన నెల పిల్లల పండక్కి కళ్లూ నోరూ చెక్కడానికి కొన్నవి ఆరు మెట్ల మీద కుళ్లడానికి సిద్ధంగా ఉన్నాయి.

అత్తయ్య వాకర్ తోసుకుంటూ వచ్చారు. ఆరెంజ్ చొక్కా వేసుకునే వచ్చారు. వేటగాళ్లు జింక అనుకుని కాల్చకుండా, నవంబర్లో ఉత్తరాల పెట్టె వరకు వెళ్లినా ఆ చొక్కా లేకుండా వెళ్లరు.

"ఆ గుమ్మడికాయ ఎవరు?" అన్నారు.

వెండెల్ బూట్లకేసి చూసుకున్నాడు.

"మీరే అత్తయ్యా," అన్నాను.

"నా కుర్చీ ఎత్తులో పెట్టావా?"

"కొలిచే పెట్టాను. ముప్పై ఎనిమిది అంగుళాలు."

"మంచిది. మొహం లేదేం మరి?" ఏప్రన్ జేబులోంచి నల్ల పెన్ను తీసి ఆవిడే కళ్లు, ముక్కు గీశారు. నోరు గీసేముందు నావైపు చూసి, "నువ్వైతే దీన్ని ఇంకా పెద్దగా గీసేదానివి," అన్నారు. నేను కాదనలేదు.

చెవుల్లో దూది పెట్టుకుని ముగ్గురం నిలబడ్డాం. మొదట డబ్బాలోని చవక రకం, నిండా రాగి తొడుగున్నది. బోర్డులన్నీ దాటింది, పలక దాటింది, రేకు దాటింది, గుమ్మడికాయ నుదుట్లోంచి దూరి వెనకనుంచి బయటికొచ్చి మట్టిలో ఆగింది. అన్నిటా పెన్సిల్ పట్టేంత చక్కటి రంధ్రం.

రెండో గుమ్మడికాయ, మెత్తముక్కు రకం. గుమ్మడికాయ రెండు చెక్కలైంది.

మూడోది ఎర్రమొన. మొదటి గోడలో బొటనవేలు పట్టేంత చిల్లి, రెండో గోడకు పలక చీలింది, రేకు మీద మాత్రం చిన్న చిన్న సొట్టలు, మూడు తూట్లు. దగ్గరికెళ్లి చూశాం. గుమ్మడికాయ చెంప మీద బఠాణీ అంత గుంటలు మూడు.

అత్తయ్య వంగి, వేలు పెట్టి తడిమారు. "మొదటిదాంతో చచ్చాను. రెండోదాంతో మళ్లీ చచ్చాను. మూడోదాంతో మొటిమలొచ్చాయి," అన్నారు. "పదహారేళ్లప్పుడు కూడా రాలేదు నాకు."

వెండెల్ నవ్వి నవ్వి తోపుడుబండి మీద కూలబడ్డాడు. నేనూ నవ్వాను. ఎర్రమొన రకాన్నే ఇంకో మూడుసార్లు కాల్చి చూశాను. రెండుసార్లు రేకు దాటలేదు. ఒకసారి దాటింది. నాలుగులో రెండు. ఆ రెండు నాకు నచ్చలేదు. గింజంత గుంటైనా సరే, అది ఆవిడ చెంప.


నవంబర్ 9, ఆదివారం

చర్చి. బీన్స్ పులుసు. ఎవరితోనూ తూటాల మాట ఎత్తలేదు.

సరైన తూటా వెతుకుతున్నాను కానీ, సరైన దిక్కు వెతకలేదు. అత్తయ్య ట్రెయిలర్ మాకు తూర్పున. వాడు హాల్లో ఉంటే, నేను వాడికి తూర్పున ఉండాలి. అప్పుడు వాడి వెనక కొండచరియ ఉంటుంది. మా ఇంట్లో తూర్పున ఉన్నది కుట్టుగది.


నవంబర్ 10, సోమవారం

గుడ్లు ఎనిమిది. పడగ్గదిని కుట్టుగదిలోకి, కుట్టుగదిని పడగ్గదిలోకి మార్చాను. మంచం విప్పడానికి వెండెల్‌కు గంట, మరలు వెతకడానికి రెండు గంటలు.

"ఇరవై ఏడేళ్లుగా బూట్లు ఎక్కడ పడేస్తానో నాకు తెలుసు," అన్నాడు. "ఇప్పుడు చీకట్లో కుట్టుమిషన్ మీద పడి చస్తాను. దానికి ఏ తూటా తెస్తావ్?"

"నువ్వు మకాంలో ఉంటావుగా. నీ బూట్లు చెట్లు చూసుకుంటాయి."

కొత్త గదిలో ఉదయం వెలుతురు బాగుంది. నిజానికి వెలుతురు కోసమే మార్చుకోవచ్చు ఎవరైనా.


నవంబర్ 13, గురువారం

కొత్త మంచం మీద నుంచి చూస్తే కిటికీలోంచి అత్తయ్య తలుపు కనిపిస్తుంది.

రెండు రోజులుగా ఆ తలుపునే చూస్తున్నాను. నా పటం అంతా మా తలుపు చుట్టూ గీసుకున్నాను. కానీ మాత్రలున్నది అత్తయ్య దగ్గర. మోకాళ్ల ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆ సీసా కిటికీ గట్టు మీదే ఉంటుంది, రోడ్డుకు కనబడేలా. ప్రూయిట్ ముసలాయన సీసా కూడా కిటికీ గట్టు మీదే ఉండేదట.

దొంగ అటు వెళితే నా దగ్గర ఏ తూటా ఉన్నా ఒకటే. అటువైపు కాల్చడానికి లేదు.

మళ్లీ అడిగాను. "తొమ్మిది రోజులే అత్తయ్యా."

"నీ ఇంట్లో నేను పడుకుంటే, నా ఇంట్లో ఎవరు పడుకుంటారు?" అన్నారు.

గడియ ఆరుసార్లు.


నవంబర్ 14, శుక్రవారం

వెండెల్ వెళ్లాడు. రొట్టెలు ఇరవై, ఉల్లిపాయలు, రెండు డజన్ల గుడ్లు, కొత్త మేజోళ్లు పెట్టాను. లోపలి చొక్కాలు మర్చిపోయాడు.

ఆపిల్స్ అరబుట్ట తెచ్చాను. ఆపిల్ గుజ్జు ఉడికించాలి, ఒక్కదాన్నే తొక్కు తీయలేను, పొద్దున్నే రండని అత్తయ్యతో చెప్పాను. ఏటా ఒక్కదాన్నే తీస్తాను. ఆవిడకు ఆ సంగతి తెలుసు. "నీ కత్తులు మొద్దువి, నాది తెచ్చుకుంటా," అన్నారు.


నవంబర్ 15, శనివారం

తొలిరోజు. వెలుగు రాకముందే కొండల్లో తుపాకులు మొదలయ్యాయి. పది గంటలకల్లా నలభై ఏడు మోతలు లెక్కపెట్టాను. అత్తయ్య ఏడున్నరకే వచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఒక్క తొక్కూ తెగకుండా ఆపిల్ చుట్టూ కత్తి తిప్పుతున్నారు.

పదీ ఇరవైకి ఒక తెల్ల ట్రక్కు అత్తయ్య ట్రెయిలర్ ముందు ఆగింది. ఆరెంజ్ చొక్కా, టోపీ వేసుకున్న మనిషి దిగాడు. ఈ వారంలో ఎవరు వేటగాడో ఎవరు దొంగో బట్టలు చూసి చెప్పలేం. తలుపు తట్టాడు. ఆగాడు. భుజంతో తోసి లోపలికి పోయాడు.

ముందు ట్రక్కు నంబర్ రాసుకున్నాను. తరువాత పోలీసులకు ఫోన్ చేశాను. అందరూ అడవిలోనే ఉన్నారు, వీలైనంత త్వరగా పంపుతామన్నారు. తరువాత రైఫిల్ తీసుకున్నాను. ఎర్రమొన తూటాలు, ఇరవై. రెండుసార్లు లెక్కపెట్టాను.

అత్తయ్య కిటికీలోంచి చూశారు. కత్తి కింద పెట్టారు.

"ఇప్పుడు కాల్చొచ్చు," అన్నారు. "నేనిక్కడే ఉన్నాగా."

నేను ఆవిడ మొహంలోకి చూశాను. నిజంగానే అన్నారో, వేళాకోళమో ఇప్పటికీ తెలియదు.

"టీవీ కోసం మనిషినా, అత్తయ్యా?"

"నేనూ అదే అనుకున్నా. నువ్వేమంటావో అని అడిగా."

బెదిరిస్తే పోతాడనుకున్నాను. వెనక వరండాలోకి వెళ్లి, కొండచరియ మట్టిలోకి ఒక తూటా కాల్చాను. పెద్ద మోత. అత్తయ్య ట్రెయిలర్లో ఏ అలికిడీ లేదు. తొలిరోజు ఉదయం ఇంకో తుపాకి మోగితే ఎవరు పట్టించుకుంటారు. అది నలభై ఎనిమిదోది, అంతే. ఇరవై ఏడేళ్లుగా ఈ కొండల్లో ఉండి నాకు ఆ మాత్రం తట్టలేదు.

తిరిగొచ్చేసరికి అత్తయ్య ముందు తలుపు దగ్గర ఆరెంజ్ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు.

"అత్తయ్యా, వద్దు."

"ఆ నడక చూశావా? ఎడంకాలు ఈడుస్తున్నాడు. వాళ్ల నాన్నా అంతే. నువ్వు ఆ గొట్టం నేలకేసి పట్టుకుని నా వెనక రా. ముందు మాత్రం రాకు."

వాకర్ టకటకమనిపిస్తూ గడ్డిలోంచి నడిచారు. నేను రెండడుగుల వెనక, గొట్టం నేల వైపు, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా. అతను టీవీ చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

"రోనీ థార్ప్," అన్నారు అత్తయ్య. "మీ అమ్మ ఎర్లీనూ నేనూ కలిసి పదిహేను బొంతలు కుట్టాం. ఏంటి, ఇలా వచ్చావ్?"

అతను నన్ను చూశాడు, తుపాకిని చూశాడు, అత్తయ్యను చూశాడు. "మీరెలా ఉన్నారో చూసిపోదామని వచ్చానండీ."

"బాగానే ఉన్నా. టీవీకేమైంది, జ్వరమా? డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నావా?"

అతను టీవీని రెండో చంకలోకి మార్చుకున్నాడు.

"లోపల పెట్టు. తీగ గట్టిగా బిగించు. మొన్న మా వాడు బిగించింది వదులైంది, బొమ్మ గెంతుతోంది."

నేను గుమ్మం బయటే నిలబడ్డాను. అతను మోకాళ్ల మీద కూర్చుని తీగ బిగిస్తున్నాడు. అత్తయ్య కుర్చీలో కూర్చుని, ఇంకొంచెం, ఇంకొంచెం అంటున్నారు. బొమ్మ నిలిచాక చెయ్యి చాపారు.

"ఇంకోటి," అన్నారు.

అతను జేబులోంచి మాత్రల సీసా తీసి ఇచ్చాడు. "నడుం నొప్పండీ. మిల్లులో దెబ్బ తగిలింది," అన్నాడు. మొదటిసారి అతని గొంతు దొంగ గొంతులా లేదు.

"నాకూ నొప్పే. డాక్టరు దగ్గర వరసలో నిలబడి తెచ్చుకుంటా. మీ అమ్మ దగ్గరికి వెళ్లు. సాయంత్రం ఫోన్ చేస్తా. నువ్వక్కడ లేకపోతే ఈ వాకర్ వేసుకుని నడుచుకుంటూ వస్తా, ఎంతసేపు పట్టినా."

వెళ్లాడు. తలుపు చెక్క విరిగింది. దాన్ని అతనే కొంచెం సరిచేసి వెళ్లాడు.

యాభై నిమిషాలకు పోలీసు వచ్చాడు. అతనూ ఆరెంజ్ చొక్కాలోనే ఉన్నాడు, చేతి మీద జింక నెత్తురు. ట్రక్కు నంబరూ పేరూ ఇచ్చాను. ప్రూయిట్ వాళ్ల సీసా గురించి కూడా అడగమన్నాను. అత్తయ్య అరగంట నాకు వీపు పెట్టి ఆపిల్స్ తరిగారు. తరువాత, "నేనైనా వాడి పేరు ఇచ్చేదాన్నే. పై ఏడాది ఇచ్చేదాన్ని," అన్నారు.

ఆపిల్ గుజ్జు పద్దెనిమిది సీసాలు. కాస్త అడుగంటింది.


నవంబర్ 16, ఆదివారం

నిన్న సాయంత్రం అత్తయ్య తనంతట తనే తలగడ పట్టుకుని వచ్చారు. "తలుపు విరిగింది, చలి వస్తోంది," అన్నారు. చలి రాకుండా అట్ట నేనే కొట్టాను, అయినా ఏమీ అనలేదు. వంటింటి వెనక గది ఇచ్చాను. నా పటంలో ఏ గీతా ఆ గదిలోంచి పోదు.

వెండెల్ కొండ మీదికెక్కి ఫోన్ చేశాడు. కొమ్ములకు ఎనిమిది మొనలున్న మగజింక దొరికిందట.

"అమ్మ ఎలా ఉంది?"

"వంటింటి వెనక గదిలో నిద్రపోతున్నారు."

"ఎనిమిదేళ్లుగా పిలుస్తున్నాను. ఎవరు ఒప్పించారు?"

"దొంగ," అన్నాను.


నవంబర్ 18, మంగళవారం

గుడ్లు పన్నెండు. దుప్పట్లు మూడు. తలుపు గడియ ఒక్కసారే.

భోజనమయ్యాక అత్తయ్య చేతిసంచి తెరిచి వంద డాలర్లు బల్ల మీద పెట్టారు. నెలకు ఇది నా తిండికి అన్నారు. తీసుకోనన్నాను. ఊరికే ఉండనన్నారు. ఊరికే కాదు, ఆపిల్ తొక్కు తీశారు అన్నాను. ఆ మాట చెల్లలేదు.

"అయితే రోజూ రాసే నీ పుస్తకం తియ్," అన్నారు. "వెండెల్‌ని నీ చేతిలో పెట్టేముందు ఇరవై మూడేళ్లు మేపా. రోజుకి మూడు పూటలు. ఎంతయింది?"

"ఇరవై ఐదు వేల నూట ఎనభై ఐదు భోజనాలు."

"అది నువ్వు నాకు బాకీ. మనిషి పూర్తిగా పెరిగి వచ్చాడా, సగమా?"

"పూర్తిగానే. కొంచెం ఎక్కువే."

"ఆ బాకీ కింద ఇక్కడ తింటా. రోజుకి రెండు పూటలే నావి."

లెక్క వేశాను. "ముప్పై నాలుగేళ్లకి తీరుతుంది అత్తయ్యా. మీకు నూట పదమూడొచ్చేసరికి."

ఆవిడ ఆలోచించారు. కాఫీ చల్లారింది, తారులా ఉన్న ఆ కాఫీ ఆవిడే పెట్టుకున్నారు.

"అంత ఓపిక లేదు నాకు. ఇవాళే తీరిందని రాయి. రాస్తే ఉంటా. రాయకపోతే రేపు తలుపు బాగుచేయించుకుని పోతా."

రాశాను. పుస్తకం తిప్పి చూపించాను. కళ్లజోడు సర్దుకుని, వేలితో చదువుకుని, సరేనన్నారు.

వెండెల్ భోజనం, ఇరవై మూడేళ్లు: ఓపల్ అత్తయ్యకు మొత్తం చెల్లు.